గుఱ్ఱమునకు ఇంకొక పిడికెడు గుగ్గిళ్ళు

కొనదలచినవాడు: అన్నగారూ, కర్మాగారము నుండి వెలువడిన మోటారుసైకిలు సర్వాంగసంపూర్ణమనియు, దాని ఇంధనపు లెక్కను మార్చు ట్యూనరు పెట్టె జోలికి మనబోటివారు పోరాదనియు మీరు పలుమారు సెలవిచ్చుచుందురు గాని, ఆ లెక్క కట్టినవారు దానిని ఎవరి కొఱకు కట్టిరో ఒక్కమారు విచారింపుడు. తూకమున ఒక పాలు పెట్రోలునకు 14.7 పాళ్ళ గాలి కలిసినచో రెండును శేషింపక దహించునని రసాయనశాస్త్రము చెప్పును. ఇంజను తన నిండుబలమును చూపవలెనన్న 12.5 మొదలు 13 పాళ్ళ గాలియే చాలునని, అనగా పెట్రోలు కొంచెము ఎక్కువ కావలెనని, ఆ పని తెలిసినవారందరు ఎఱుగుదురు. ఐనను నా బండి నిలకడగా పోవునపుడెల్ల ఆ మొదటి లెక్కనే పట్టుకొని వ్రేలాడును. ఏలయన, పొగగొట్టములోని కెటలిటిక్ కన్వర్టరు ఆ లెక్క చెంతనే మూడు తెగల విషవాయువులను ఏకకాలమున హరింపగలదు. అట్లు హరింపనిచో 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బీఎస్-6 పరీక్షలో బండి నెగ్గదు. ఆ పరీక్ష ప్రయోగశాలలో, రోలర్ల మీద, నిర్ణీతవేగములతో జరుగును. నేను నడుపునదో, విశాఖలో, ఎన్ఏడీ కూడలిలో, ఆటోకును సిటీబస్సునకును నడుమ, రెండవ గేరులో, క్లచ్చు సగము పట్టుకొని. దుకాణములోని బొమ్మకు కుట్టిన చొక్కా నా భుజములకు పట్టలేదని దర్జీ వద్దకు పోవుట తప్పగునా?

కూడదనువాడు: చొక్కా కొంత బిగుతన్న మాటను నేను కాదనను, తమ్ముడా. కాని బిగుతు ఎచ్చట నున్నదో చూడక నిలువునా విప్పి కుట్టుమనుచున్నావు. ఈసీయూ అను ఆ పెట్టెలో ఇంజను వేగము ఒక వరుసగను, త్రాటిలు తెరచిన ప్రమాణము ఇంకొక వరుసగను పేర్చిన పట్టిక యుండును. ఒక్కొక్క గడిలో ఇంజెక్టరు ఎంత కాలము తెరచియుండవలెనో వ్రాసియుండును. త్రాటిలు నిండుగా త్రిప్పిన క్షణమున ఆ పెట్టె 14.7ను తానే విడిచి, నీవు కోరిన చిక్కని మిశ్రమమునే ఇచ్చును. ఇయ్యనిచో ఇంజను వేడికి తాళజాలదు. కావున బలము కావలసిన చోట కొఱత లేదు. కొఱత యున్నది చిన్న త్రాటిలు గడులలో. అచ్చట పెట్రోలు పెంచినచో బండి కొంత చురుకగుట నిజమే. కాని నీ మణికట్టును ఇంకొక వీసమెత్తు త్రిప్పినను అంత చురుకును వచ్చును. కుడిచేతిలో ఉచితముగా నున్నదానిని పెట్టెలో పెట్టించి పదివేల పైచిలుకు పోసి కొనుట ఏమి వ్యాపారము?

కొనదలచినవాడు: మీరు బలము మాట పట్టుకొనినారు, నేను అడుగుచున్నది బలము కాదు, మృదుత్వము. త్రాటిలు మూసి మరల తెరచు సంధిలో ఆ బండి మొండియెద్దు మెడ విదిలించినట్లు ఒక్క కుదుపు కుదుపును. మూసినపుడు ఇంజెక్టరు పెట్రోలును పూర్తిగా ఆపివేయును. తెరచినపుడు పలుచని మిశ్రమముతో మేలుకొనును. ఆ మేలుకొనుట నడుములో తెలియును. చెయిను బిగువు చూపించితిని, త్రాటిలు కేబులు వదులు సరిచేయించితిని, కొంత తగ్గినది, కొంత మిగిలినది. మిగిలినదాని కొఱకే ఈ ట్యూనరు పెట్టె. ఇది క్రొత్త పాపము కాదు గదా! కార్బురేటరు బుల్లెట్టు కాలమున మీరే జెట్టు మార్చించినారు, మిక్చరు స్క్రూను పావు చుట్టు ఇటు, అరచుట్టు అటు త్రిప్పించినారు, ప్లగ్గు విప్పి రంగు చూచి, తెలుపైనచో పలుచననియు, నలుపైనచో చిక్కననియు, ఇటుకరంగైనచో సరి యనియు తీర్పు చెప్పినారు. ఆనాడు స్క్రూడ్రైవరు పట్టిన చేతికి శాస్త్రజ్ఞానమని పేరు, నేడు నేను ట్యూనరు పట్టినచో అపచారమని పేరు, ఇది ఏ న్యాయము?

కూడదనువాడు: ఆనాటి కార్బురేటరు గ్రుడ్డిది, నేటి ఇంజెక్షను కన్నుగలది, ఆ భేదమే నా న్యాయము. పొగగొట్టములో గ్రుచ్చిన ఆక్సిజను సెన్సారు ఆ కన్ను. వెలువడు పొగలో ప్రాణవాయువు మిగిలినదా లేదా అని అది చూచి, మిశ్రమము పలుచనైనచో వోల్టులో పదవ వంతు, చిక్కనైనచో తొమ్మిది పదవ వంతులు పంపుచు, పెట్టె చేత క్షణక్షణము లెక్క సరిచేయించుచుండును. ఎంత పలుచన, ఎంత చిక్కన అని చెప్పు నేర్పు దానికి లేదు. అవును, కాదు అను రెండు మాటలే దానికి వచ్చును. ఐనను ఆ రెండు మాటలతోనే బండి తన్ను తాను దిద్దుకొనుచుండును. ఇపుడు నీ ట్యూనరు ఏమి చేయునో చూడుము. పెట్టెకును ఇంజెక్టరునకును నడుమ కూర్చుండి, వచ్చిన ఆజ్ఞను పొడిగించి అందించును. వెంటనే కన్ను చూచి, చిక్కనైనదని చెప్పును, పెట్టె తగ్గించును, నీవు పెంచినది అది త్రుంచును. ఈ కలహము తీరుటకు ఉపాయమేమనగా కంటికి గంతలు కట్టుట: అంతయు సరిగనే యున్నదని చెప్పు కల్పితసంకేతమును సెన్సారు తీగపై పంపుట. గ్రుడ్డిదానికి చేయి పట్టుకొని దారి చూపుటయు, కన్నున్నదానికి గంతలు కట్టి దారి చూపుటయు ఒకటియేనా?

కొనదలచినవాడు: గంతలని మీరు అలవోకగా ననుచున్నారు. ఆ కన్ను రెండు మాటలే పలుకునని మీరే ఒప్పుకొన్నారు, 14.7 తప్ప వేఱొక గమ్యమును చూపలేని కన్ను అది. నాకు కావలసినది 13.8 ఐనచో దానిని ఏమి అడుగవలెను?

కూడదనువాడు: నీకు కావలసినది 13.8 అని నీకెవరు చెప్పిరి?

కొనదలచినవాడు: ఎవరును చెప్పలేదు. మాటకు అంటిని.

కూడదనువాడు: ఆ మాటకే నేను కాచుకొనియుంటిని. ఈ వ్యాపారమంతయు ఆ మాట మీదనే నిలిచినది. అందులో మిక్కిలి నీచమైనది చెప్పెదను వినుము: రంగురంగుల డబ్బాలో ఒక రెసిస్టరును పెట్టి, లోనికి పోవు గాలి వేడిని కొలుచు సెన్సారు తీగలో దానిని కలిపి, ట్యూనరని పేరు పెట్టి అమ్ముదురు. ఆ రెసిస్టరు చేయునదంతయు ఒక్కటే: ఏప్రిలు ఎండలో గాజువాకలో నిలిచియున్న బండికి, నీవు లంబసింగి చలిలో నున్నావని చెప్పుట. చల్లనిగాలి దట్టమని తలచి పెట్టె పెట్రోలు పెంచును. కొన్నవాడు రెండు వీథులు తిరిగి వచ్చి, బండి లేడిపిల్ల వలె ఉరుకుచున్నదని సంతోషించును. సొమ్మిచ్చి కొనినవానికి ఉరకని బండి లేదు.

కొనదలచినవాడు: ఆ రెసిస్టరు పక్షమున నేను వకాల్తా పుచ్చుకొనలేదు. పల్లేరుకాయను చూపి పనసను కూడ ముళ్ళదేయని తీసివేయుట తగదు. అమెరికాలో డైనోజెట్ వారి పవర్ కమాండరు గాని, మన బెంగళూరులోనే తయారగు పవర్‌ట్రానిక్ గాని, గడి గడికి వేఱువేఱుగా ఇంత శాతము పెంచుము, ఇంత తగ్గింపుము అని వ్రాసికొనదగిన పనిముట్లు. నిండు త్రాటిలు గడులను ముట్టకుండ నా ఎన్ఏడీ కూడలి గడులను మాత్రమే దిద్దుకొనవచ్చును. ఇక మీరు దాటిపోవజాలని మాట నొకదానిని అడిగెదను. నేను ఈ 650 సీసీ జంటసిలిండర్ల బండిని 2021లో కొన్నాను. నాడు పెట్రోలులో ఇథనాలు పదింట ఒక వంతును మించలేదు. 2023 ఫిబ్రవరిలో ఇరువది శాతము కలిపిన ఈ20 బంకులకు వచ్చెను. నేడు ఏ బంకునకు పోయినను అదియే. ఇథనాలు పూర్ణదహనమునకు తూకమున 9 పాళ్ళ గాలియే కోరును. కావున ఈ క్రొత్త పెట్రోలునకు తగిన నిష్పత్తి పదమూడున్నర ప్రాంతమునకు దిగినది. ఆ పదవ వంతు నాటి పాతలెక్కతో పోయు బండిలో మిశ్రమము సుమారు 4 శాతము పలుచనైనది. బండి మారలేదు, నేను మారలేదు, గుగ్గిళ్ళు మారినవి. పెట్టెలోని పట్టిక మాత్రము పాతగుగ్గిళ్ళ కొలతను వల్లించుచున్నది. దానిని దిద్దు అధికారము నాకు లేదందురా?

కూడదనువాడు: ఈ చర్చలో నన్ను కలవరపెట్టిన మాట ఇదొక్కటియే యని ఒప్పుకొనెదను. నిండు త్రాటిలున, ఇంజను వేడి పతాకస్థాయిలో నుండగా, మిశ్రమము నాలుగు శాతము పలుచనగుట నాకును రుచింపదు. కొన్ని బండ్లలో పెట్టె తాను నిలకడవేగమున నేర్చుకొనిన దిద్దుబాటును అచ్చటికి కూడ మోసికొనిపోవును. అన్నిటిలో అట్లు జరుగునని నేను ప్రమాణము చేయజాలను. కాని, నాయనా, నీ వాదమే నీ మీదికి తిరుగుచున్నది, చూచితివా? ఈ20 వచ్చిన నాడు, నీకు తెలియకుండ, ఎవరికిని చెప్పకుండ, నిలకడవేగమున ఆ నాలుగు శాతమును కనిపెట్టి పూడ్చినది ఎవరు? ఆ రెండు మాటల కన్నే గదా! పొగలో మిగిలిన ప్రాణవాయువును చూచుటయే దాని పని గనుక, పోసినది పెట్రోలో, పెట్రోలును సారాయమును కలిసిన ద్రవమో దానికి అక్కఱలేదు. నీవు దానికి గంతలు కట్టి, ఎవడో ఎచ్చటనో ఏ బంకు పెట్రోలుతోనో కట్టిన పట్టికను తెచ్చి ఎక్కించుకొన్నావనుకొనుము. రేపు ఇథనాలు పాలు ఇంకను పెరిగినచో, ఆ పట్టిక నీకు చెప్పునా? కన్నైనచో చెప్పును.

కొనదలచినవాడు: అట్లైనచో ఇంకను మంచి కన్నును పెట్టించెదను. వైడ్‌బ్యాండ్ సెన్సారు అవును, కాదు అనుటతో ఊరకుండదు, 12.9 యని, 14.2 యని అంకెతో చెప్పును. పొగగొట్టమునకు ఒక బుడిపె వెల్డింగు చేయించి దానిని బిగించినచో, ట్యూనరు తానే చదివికొని తానే దిద్దుకొనును. మీ గంతల ఉపమానము అచ్చటితో తీరినది.

కూడదనువాడు: తీరలేదు, ఖరీదెక్కినది. ట్యూనరు, వైడ్‌బ్యాండు, వెల్డింగు, ఆపై బలమును కొలుచు డైనో యంత్రము మీద గంటల లెక్కన కట్టు సొమ్ము. మంచి ట్యూనింగు పెట్టె ధరలో లేదు, కొలుచు గంటలలో నున్నదని ఈ వృత్తిలో నిజాయితీగలవారే చెప్పుదురు. నేను మొదట చెప్పిన పదివేలు ఏ గేరులో నున్నవో చూచికొనుము.

కొనదలచినవాడు: ఖరీదు నా జేబు సంగతి.

కూడదనువాడు: సరే, జేబును విడిచెదను. లాభమును కొలుతము. నీ బండి బలము 47 గుఱ్ఱములు. మంచి చేతిలో పడి, మంచి సైలెన్సరుతో, రెండు గుఱ్ఱములు పెరిగినవనుకొందము. అనగా నాలుగు శాతము పైచిలుకు. బండి రెండువందల కిలోలు, నీవు ఎనుబది, మొత్తము 280. బరువునకును బలమునకును గల నిష్పత్తిలో అంత లాభమే కావలెనన్న, పండ్రెండు కిలోల బరువు దింపినను చాలును. సాయంకాలము బీచిరోడ్డున బజ్జీల బండి యొద్ద నీవు ఆగకుండుటకు ఏ ట్యూనరును అక్కఱలేదు.

కొనదలచినవాడు: మీ పరిహాసము నాకు తగిలినది, వాదమునకు తగులలేదు. రెండు గుఱ్ఱములు నేనడుగలేదని మొదటనే చెప్పితిని. అనంతగిరి ఘాటులో ఆ హెయిర్‌పిన్ మలుపులో, బండి వాలియుండగా, త్రాటిలు తెరచిన క్షణమున ఆ కుదుపు వచ్చినచో ఏమగునో ఎనుబది కిలోలవాడును ఎఱుగును, అరువది కిలోలవాడును ఎఱుగును. డైనో కాగితము మీద పతాకపు అంకెను మాత్రమే చూచువారికి ఈ మలుపు కనబడదు. త్రాటిలు పదింట ఒక వంతు తెరచిన చోటనే నా ప్రయాణమంతయు జరుగుచున్నది.

కూడదనువాడు: ఇందులో నీవే గెలిచితివి. దీనికి ప్రత్యుత్తరముగా చెప్పదగినది నా యొద్ద ఏమియు లేదు. ఏలయన (ఇది చెప్పకుండ వాదించుట న్యాయము కాదు) వెనుకటి బండికి నేను ట్యూనరు పెట్టించితిని.

కొనదలచినవాడు: మీరా!

కూడదనువాడు: నేనే. ఒక్క సంవత్సరము. కుదుపు పోయినది; అబద్ధమాడను. ఊరిలో మూడవ గేరున వెన్నవలె నడిచెడిది. మైలేజి తగ్గినది, దానిని ఓర్చుకొంటిని. తరువాత ఒకనాడు వర్షములో బండి దారిలో నిలిచిపోయినది. మెకానిక్కు సీటు విప్పి, ఆ అదనపు తీగల ముడిని చూచి, మొదట దీనిని తీయుడు, తరువాత జబ్బు వెదకుదము అనెను. జబ్బు దానిదో కాదో నేటికిని నాకు తెలియదు. తీసిన తరువాత బండి నడిచినది, కాని మొద్దుబారినట్లు తోచినది. నెల దినములకు ఆ మొద్దుతనమునకును అలవాటు పడితిని. అందువలన ఆ వెన్న ఎంత ఇంజనులోనిదో, ఎంత నా మనస్సులోనిదో నేను విడదీయజాలకపోతిని. పెట్టకముందు కొలిచియుండలేదు, తీసిన తరువాత కొలువలేదు.

కొనదలచినవాడు: కొలువకపోవుట మీ లోపము, పెట్టె లోపము కాదు. మీ అనుభవము నాకు అనుకూలసాక్ష్యమనియే నేను వ్రాసికొనుచున్నాను. పైగా, తీయగా నడిచినది గదా! కనెక్టర్లు ఊడదీసి మొదటి తీగలను కలిపినచో బండి కంపెనీ నుండి వచ్చిన నాటి బండియే. ఈసీయూలోని పట్టికనే తిరుగవ్రాయించు రీఫ్లాషు వలె ఇది లోతునకు పోదు. నచ్చనిచో ఆదివారము ఉదయము తీసివేయుదును. వెనుకకు మరలదగిన దారిలో నాలుగడుగులు వేయుటకు ఇంత భయమెందుకు?

కూడదనువాడు: దారి నీ ఒక్కనిది కానందున. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారుచేసినవాడు నిర్దేశించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదని చెప్పును. 2019 సవరణలో వచ్చిన 182-ఏ సెక్షను, అట్టి ఒక్కొక్క మార్పునకు అయిదువేల జరిమానాయో, ఆరు నెలలకు మించని ఖైదో, రెండునో విధింపవచ్చుననును. అమెరికాలో ఐతే 2016 ఆగస్టులో హార్లే-డేవిడ్‌సన్ కంపెనీయంతటిది, తాను అమ్మిన సుమారు 3 లక్షల 40 వేల ట్యూనర్ల విషయమున అచ్చటి ప్రభుత్వముతో రాజీపడి, తప్పు ఒప్పుకొనకయే కోటి 20 లక్షల డాలర్లు చెల్లించి, అమ్మకము ఆపివేసెను. బండి చేసినవాడే తన బండికి చేసిన ట్యూనరు అది! చిక్కని మిశ్రమములో పూర్తిగా దహింపనిది కార్బన్ మోనాక్సైడై వెలువడును. కన్వర్టరు దానిని మ్రింగజాలదు. నీ వెనుక సిగ్నలు వద్ద ఆగినవాడు మ్రింగును.

కొనదలచినవాడు: సిగ్నలు వద్ద నా ముందు ఆగిన ఇసుక లారీ ఒక్క గుటకలో వెలిగ్రక్కు మసిని నేను మ్రింగుచునేయున్నాను. దాని యజమానిని 52వ సెక్షను పేరిట ఎవరడిగిరి? పోలీసువారు శబ్దము చేయు సైలెన్సర్లను పట్టి రోడ్డురోలరు క్రింద నలిపించుట చూచితిమి. సీటు క్రింది పెట్టెను ఎవరైన వెదకిరా?

కూడదనువాడు: ఎవరును వెదకరు. అందుచేతనే నేను నిన్ను పట్టుబడుదువని బెదరింపలేదు. లారీ చేయు పాపము నీకు అనుమతిపత్రమగునా యని మాత్రము అడుగుచున్నాను.

కొనదలచినవాడు: అనుమతిపత్రము కాదు, నిజమే. కాని ఎన్ఏడీ గడులలో రెండు, మూడు శాతములు పెంచువానిని, కన్వర్టరును కోసి పారవేయువానిని ఒకే బోనులో నిలుపుటయు న్యాయము కాదు.

కూడదనువాడు: కాదు, ఒప్పుకొంటిని. ఇక ఒక్క ప్రశ్న. నీ సైలెన్సరు కంపెనీదేనా?

కొనదలచినవాడు: కాదు, ఆరునెలల క్రిందట మార్చితిని. ధారాళముగా ఊపిరి విడుచునది. త్రాటిలు మూసినపుడు టపటపమను పటాకుల శబ్దము అప్పటినుండియే. ట్యూనరుతో అదియు అణగునందురు.

కూడదనువాడు: కుదుపు?

కొనదలచినవాడు: ముందును కొంత యుండెను. ఎక్కువైనది మాత్రము... అవును, ఇంచుమించు అప్పటినుండియే.

కూడదనువాడు: అట్లైనచో మనము ఇంతసేపు వాదించినది రెండవ ప్రశ్న, మొదటిది అడుగనే లేదు. పటాకులు మ్రోగుటకు పొగగొట్టపు అతుకులో బయటి గాలి చొరబడుటయు కారణము కావచ్చును. ఆ అతుకు సెన్సారునకు దాపున నున్నచో ఆ గాలిని చూచి కన్ను కూడ మోసపోవును. నేనొక బేరము పెట్టెదను. కంపెనీ సైలెన్సరును మరల బిగింపుము, క్రొత్త గ్యాస్కెట్టుతో. పదిదినములు ఎన్ఏడీ మీదుగనే తిరుగుము, ఒక్కమారు అనంతగిరి ఎక్కి దిగుము. అప్పటికిని ఆ కుదుపు నిన్ను ఇంతగనే బాధించినచో, ట్యూనరు కొనుటకు నేనే వెంట వచ్చెదను, డైనో సొమ్ములో సగము నేనిచ్చెదను. వెనుకకు మరలదగిన దారియని నీవే గదా అన్నావు! పాత సైలెన్సరు అటక మీదనే యుండును గదా?

కొనదలచినవాడు: ...అమ్మివేసితిని, అన్నగారూ.